కర్త లేని వాక్యాలు

తెలుగు పేపర్ చదివే అలవాటున్న వాళ్లెవరికీ ఈ వాక్యాలు కొత్త కాదు: "విద్యార్థులకు, పోలీసులకు మధ్య తోపులాట జరిగింది. కాసేపు ఉద్రిక్తత నెలకొంది." ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పదకొండేళ్లు పనిచేశాను. ఈ రెండు వాక్యాలు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కంట్రిబ్యూటర్ ఫోన్లో ఇంకా చెబుతూ ఉండగానే వేళ్లు వాటంతటవే కొట్టేసేవి.

ఒకసారి ఓ కాలేజీ ధర్నా వార్త అలాగే కొట్టి పేజీలో పెట్టాను. మర్నాడు సాయంత్రం డ్యూటీకి వెళ్లి కూర్చున్నానో లేదో డెస్క్ ఫోన్ మోగింది. అవతల ఒక కుర్రాడు. కోపంగా కూడా లేడు. ఏదో డౌట్ అడిగినట్టు అడిగాడు.

"అన్నా, తోపులాటంటే ఇద్దరూ తోసుకోవాలె గదా? మేం కూసున్నం. వాళ్లొచ్చి తోసిండ్రు. గది తోపులాట ఎట్లయితదన్నా?"

"రిపోర్టర్ అలాగే ఇచ్చాడమ్మా" అని పెట్టేశాను. అది అబద్ధం. రిపోర్టర్ "పిల్లల్ని ఈడ్చి పక్కన పడేశారు సార్" అనే చెప్పాడు. తోపులాట నాది.

ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది. ఆ కుర్రాడి గొంతు మళ్లీ వినిపించింది మాత్రం 2024 మే 1న, ఎక్కడో లాస్ ఏంజెలెస్ వార్త చూస్తుంటే.

అంతకు ముందు రాత్రి అక్కడి యూసీఎల్ఏ యూనివర్సిటీ క్యాంపస్‌లో పాలస్తీనా అనుకూల విద్యార్థులు వేసుకున్న శిబిరం మీదకి ఒక గుంపు వచ్చింది. చుట్టూ పెట్టుకున్న చెక్కలు పీకారు. కర్రలతో కొట్టారు. టపాసులు వెలిగించి టెంట్ల మీదకి విసిరారు. కళ్లలో స్ప్రే కొట్టారు. రాత్రి పదకొండు ప్రాంతంలో మొదలైతే తెల్లవారుజాము దాకా సాగింది. పోలీసులు గంటల తరబడి అడ్డుపడలేదు. వార్త రాయడానికి వెళ్లిన అక్కడి విద్యార్థుల పత్రిక డైలీ బ్రూయిన్ విలేకరులు నలుగురిని కూడా చుట్టుముట్టి కొట్టారు. ఆ రాత్రి దాడి చేసినవాళ్లలో ఒక్కరినీ అరెస్టు చెయ్యలేదు. మే 2 తెల్లవారుజామున పోలీసులు వచ్చి శిబిరంలో ఉన్నవాళ్లని రెండు వందల మందికి పైగా పట్టుకెళ్లారు.

ఇదంతా ఆ రాత్రే ఫోన్లలో లైవ్‌గా నడిచింది. పొద్దున చూస్తే చాలా చోట్ల ఒకటే మాట: ఘర్షణ. ఇంగ్లిష్‌లో 'క్లాషెస్', మన స్క్రోలింగుల్లో 'ఇరువర్గాల ఘర్షణ'. యూనివర్సిటీ ప్రకటన ఇంకా ముచ్చటగా ఉంది. శిబిరం దగ్గర భయంకరమైన హింస జరిగిందట. ఎవరు చేశారు? జరిగింది, అంతే. వాన పడింది, గాలి వీచింది, హింస జరిగింది.

చిన్నప్పుడు తెలుగు మాస్టారు బోర్డు మీద వాక్యం రాసి కర్త, కర్మ, క్రియ గుర్తించమనేవారు. వార్తలో మాయమయ్యేది ఎప్పుడూ కర్తే. కర్మ ఉంటుంది, క్రియ ఉంటుంది, గాయాల లెక్క కూడా ఉంటుంది. కొట్టినవాడు మాత్రం వాక్యం బయట నిలబడి ఉంటాడు. మన భాషలో ఇది మరీ సులువు. 'జరిగింది', 'చోటుచేసుకుంది', 'నెలకొంది', 'దారితీసింది'. ఇవి నాలుగూ ఉంటే ఒక సబ్ ఎడిటర్ జీవితాంతం ఎవరినీ నొప్పించకుండా బతికెయ్యొచ్చు. నేను బతికాను.

యూసీఎల్ఏ వార్తకి కర్త దొరకడానికి పెద్ద పత్రికలకి రెండు మూడు రోజులు పట్టింది. న్యూయార్క్ టైమ్స్ వందకు పైగా వీడియోలు పక్కపక్కన పెట్టి చూసింది. దాదాపు ఐదు గంటల ఆ గొడవని మొదలుపెట్టింది శిబిరాన్ని వ్యతిరేకిస్తూ వచ్చినవాళ్లేనని తేల్చింది. శిబిరంలో కొందరు తిరిగి కొట్టారు కూడా. అదీ రాయాల్సిందే. కానీ ఎవరు ఎవరి దగ్గరకి వెళ్లారన్నది ముందు రాయాలి. దెబ్బలు తిన్న విద్యార్థి విలేకరులకి ఈ సంగతి ఆ రాత్రే తెలుసు. ఇజ్రాయెల్ అనుకూల వర్గం శిబిరంలోకి చొరబడబోయిందని వాళ్లు ముందే రాశారు. వాళ్లు అక్కడ ఉన్నారు, తక్కినవాళ్లు ప్రకటనల కోసం చూస్తూ కూర్చున్నారు. తేడా అంతే.

న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ సంగతి దీనికి పది రోజులకి పైగా ముందే మొదలైంది. 2024 ఏప్రిల్ 17న, యూనివర్సిటీ అధ్యక్షురాలు మినూష్ షఫీక్ వాషింగ్టన్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చున్న రోజే, విద్యార్థులు లాన్ మీద టెంట్లు వేశారు. గాజాలో అప్పటికి చనిపోయినవాళ్లు అక్కడి ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 33 వేలు దాటారు. అంతకు ముందు 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మందిని చంపారు, 251 మందిని బందీలుగా పట్టుకెళ్లారు. విద్యార్థులు అడిగింది ఏమిటంటే, ఇజ్రాయెల్‌తో, ఆయుధాల కంపెనీలతో ముడిపడిన పెట్టుబడుల్ని యూనివర్సిటీ వెనక్కి తీసుకోవాలని. కొలంబియా నిధి 13 వందల కోట్ల డాలర్ల పైమాట. ఇక్కడ మన జిల్లా పేజీలకి ఒక మార్కు వెయ్యాలి. ఎంత చిన్న ధర్నా వార్తయినా చివర 'డిమాండ్ చేశారు' అని ఒక ముక్క ఉంటుంది. అమెరికా టీవీలో గంటల కొద్దీ హెలికాప్టర్ షాట్లు చూశాను. ఆ పిల్లలు ఏం అడుగుతున్నారో చెప్పడానికి మాత్రం నిమిషం దొరకలేదు.

మర్నాడు పోలీసులు వచ్చి వంద మందికి పైగా అరెస్టు చేశారు. శిబిరం యూనివర్సిటీ పనికి స్పష్టమైన, తక్షణ ప్రమాదమని షఫీక్ పోలీసులకి రాసిన లేఖలో ఉంది. న్యూయార్క్ పోలీసు పెట్రోల్ చీఫ్ జాన్ చెల్ ఏమన్నాడో తెలుసా? అరెస్టయిన విద్యార్థులు శాంతంగా ఉన్నారు, ఏమాత్రం ప్రతిఘటించలేదు, చెప్పదలుచుకున్నది శాంతంగానే చెబుతున్నారు, ప్రమాదమని గుర్తించింది యూనివర్సిటీయే అన్నాడు. ఈ మాట రాబట్టి వేసింది విద్యార్థుల పత్రిక కొలంబియా స్పెక్టేటర్. పోలీసు అధికారే విద్యార్థులు శాంతంగా ఉన్నారంటే మా డెస్కులో అయితే అది ఫస్ట్ పేజీ బాక్స్ ఐటెం. చాలా చోట్ల పదో పేరాలో కూడా కనపడలేదు నాకు.

ఏప్రిల్ 29 అర్ధరాత్రి దాటాక కొందరు కొలంబియా క్యాంపస్‌లోని హామిల్టన్ హాల్ అద్దాలు పగలగొట్టి లోపలికి వెళ్లి తలుపులు బిగించుకున్నారు. 'వెళ్లారు' అని మెత్తగా అంటే నేను మళ్లీ పాత ఉద్యోగం చేసినట్టే. ఆక్రమించారు. ఏప్రిల్ 30 రాత్రి పోలీసులు ఖాళీ చేయించారు. 1968లో వియత్నాం యుద్ధం రోజుల్లోనూ ఇదే హాలు ఆక్రమించారు. అప్పుడూ పోలీసులు ఖాళీ చేయించింది ఏప్రిల్ 30నే, ఏడు వందల మందిని అరెస్టు చేసి. 1985లో వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికాతో ముడిపడిన పెట్టుబడుల మీద ఇదే హాలు ముందు మూడు వారాలు కూర్చున్నారు. ఆ ఏడాది చివర్లో యూనివర్సిటీ ఆ పెట్టుబడులు వదులుకోవడానికి ఒప్పుకుంది. 1968 గొడవ మీద ఇప్పుడు ఆ యూనివర్సిటీయే ఎగ్జిబిషన్లు పెడుతుంది.

ఈసారి విద్యార్థులు ఆ హాలుకి 'హింద్స్ హాల్' అని పేరు పెట్టారు. గాజాలో 2024 జనవరిలో కారులో చిక్కుకుని చనిపోయిన ఐదేళ్ల పాప హింద్ రజబ్ పేరు అది.

'చనిపోయిన' అని రాసి ఆగాను. చూశారా అలవాటు? ఆ పాప జబ్బు చేసి చనిపోలేదు. కారు మీద కాల్పులు జరిపారు. చుట్టూ కుటుంబసభ్యుల శవాల మధ్య కూర్చుని ఆ పాప ఫోన్లో సాయం అడిగింది. తేవడానికి వెళ్లిన అంబులెన్స్ సిబ్బంది ఇద్దరినీ చంపేశారు. తమ దళాలు ఆ దరిదాపుల్లో లేవని ఇజ్రాయెల్ సైన్యం అంది. ఆ మధ్యాహ్నం ఇజ్రాయెల్ సాయుధ వాహనాలు అక్కడే ఉన్నాయని వాషింగ్టన్ పోస్ట్ పరిశోధన తేల్చింది. నాలుగైదు వాక్యాలు ఎక్కువ పట్టింది. పేజీలో నాలుగైదు వాక్యాలకి చోటు లేదని అనేవాళ్లం మేము. అదే పేజీలో సినిమా తార ఎయిర్‌పోర్ట్ ఫొటోకి చోటుండేది.

పోలీసులు హామిల్టన్ హాల్‌ని ఖాళీ చేయించిన రాత్రి విలేకరుల్ని దూరంగా తరిమేశారు. జర్నలిజం స్కూల్ ఉన్న పులిట్జర్ హాల్లో విద్యార్థి విలేకరుల్ని ఉంచేసి, బయటకొస్తే అరెస్టే అన్నారు. కొలంబియా విద్యార్థుల రేడియో డబ్ల్యూకేసీఆర్ రాత్రంతా లైవ్ ఇస్తూనే ఉంది. మామూలుగా జాజ్ వేసుకునే స్టేషన్ అది. వినేవాళ్లు ఎక్కువై సైట్ పడిపోయింది. ఆ రాత్రి లోపల ఒక పోలీసు అధికారి తుపాకీ పేల్చాడు. పొరపాటున పేలిందని, ఎవరికీ తగల్లేదని తర్వాత చెప్పారు. మర్నాటి ప్రెస్‌మీట్లో ఆ ఊసే లేదు. 'ది సిటీ' అనే స్థానిక వార్తా సంస్థ బయటపెడితే గానీ తెలియలేదు.

ఆ మర్నాటి పొద్దున టీవీలో జరిగిన ముచ్చట ఇంకొకటి ఉంది. న్యూయార్క్ పోలీసు డిప్యూటీ కమిషనర్ తారిక్ షెపర్డ్ ఎంఎస్ఎన్‌బీసీ ఛానెల్ స్టూడియోకి ఒక లావుపాటి ఇనుప గొలుసు తెచ్చి కెమెరా ముందు పెట్టాడు. హాలు తలుపులకి కట్టిన గొలుసు అది. ఇలాంటివి విద్యార్థులు స్కూలుకి తెచ్చుకునేవి కావు అన్నాడు. బయటి వృత్తి ఆందోళనకారుల పని అని అర్థం. స్టూడియోలో ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. కాసేపటికే కొలంబియా విద్యార్థులు నెట్‌లో చూపించారు: అది సైకిల్ గొలుసు. న్యూయార్క్‌లో సైకిల్ దొంగతనాలు ఎక్కువ కాబట్టి అలాంటి గొలుసుల్ని యూనివర్సిటీ సెక్యూరిటీ విభాగమే విద్యార్థులకి తగ్గింపు ధరకి అమ్ముతుంది. ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోయేది. మరో అధికారి హాల్లో దొరికిందంటూ టెర్రరిజం మీద ఒక పుస్తకం చూపించాడు. అది ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసిన పరిచయ పుస్తకం, కాలేజీ పిల్లలు చదువుకునేది.

అయితే 'బయటి శక్తులు' అన్న మాట పూర్తిగా కట్టుకథ అని కొట్టిపారేస్తే నేనూ అదే పని చేసినట్టు. పోలీసుల లెక్క ప్రకారం ఆ రాత్రి కొలంబియాలో పట్టుబడిన 112 మందిలో 29 శాతం మందికి యూనివర్సిటీతో సంబంధం లేదు. అదే రాత్రి పోలీసులు అరెస్టులు చేసిన న్యూయార్క్ సిటీ కాలేజీలో అయితే అది 60 శాతం. కాబట్టి బయటివాళ్లు ఉన్నారు. కొలంబియాలో పదిమందిలో ఏడుగురు అక్కడివాళ్లే అన్నదీ అదే లెక్కలో ఉంది. హెడ్డింగుకి ఏ సగం ఎక్కించావన్నదే ప్రశ్న.

యూదు విద్యార్థుల భయం గురించి రాయకుండా ఈ వ్యాసం ముగిస్తే నన్ను నమ్మొద్దు. కొలంబియా గేట్ల దగ్గర యూదు విద్యార్థుల్ని చూసి "పోలండ్‌కి పొండి" అని అరిచారు. వీడియోలున్నాయి. పోలండ్ అంటే వాళ్ల తాతముత్తాతల్ని చంపిన నేల. శిబిరం నాయకుల్లో ఒకరు అంతకు ముందెప్పుడో జియోనిస్టులు, అంటే యూదులకో దేశం ఉండాలనేవాళ్లు, బతకడానికి అర్హులు కారని మాట్లాడిన వీడియో బయటపడింది, ఆ వ్యక్తిని యూనివర్సిటీ క్యాంపస్‌లోకి రానివ్వలేదు. యూసీఎల్ఏలో శిబిరం వాళ్లు దారులు కాసి కొందరు యూదు విద్యార్థుల్ని ఆపారన్న ఫిర్యాదు కోర్టుకెళ్లింది. వాళ్లకి దారి మూసేసే పరిస్థితిని యూనివర్సిటీ రానివ్వకూడదని 2024 ఆగస్టులో ఫెడరల్ జడ్జి ఆదేశించాడు. ఇక్కడా కర్త కావాలి. 'యూదు వ్యతిరేకత పెచ్చుమీరింది' అని ఊరుకుంటే ఎవరు అరిచారు, గేటు లోపలా బయటా, ఆ అరిచినవాళ్లు ఎంతమంది అన్నవన్నీ ఆవిరైపోతాయి. అప్పటికి కొలంబియా గేట్లు బయటివాళ్లకి మూసేసి ఉన్నాయి. బ్రాడ్‌వే రోడ్డు మీద గుంపు వేరు, లాన్ మీద గుంపు వేరు. ఏప్రిల్ 22 రాత్రి ఆ లాన్ మీదే యూదు విద్యార్థులు, శిబిరంలో భాగమైనవాళ్లు, పాసోవర్ పండుగ విందు చేసుకున్నారు. రోడ్డు మీది అరుపు నిజం, లాన్ మీది విందు నిజం. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాస్తే భయపడుతున్న పిల్లకీ న్యాయం జరగదు, టెంట్లో ఉన్న పిల్లకీ జరగదు.

చాలామంది 'నిష్పాక్షికం' అంటే స్టూడియోలో అటొకర్ని ఇటొకర్ని కూర్చోబెట్టి చెరి నాలుగు నిమిషాలు ఇవ్వడం అనుకుంటారు. తక్కెడ పట్టుకున్నట్టు. నాకు దాంతోనే పేచీ. ఒకడు వాన పడుతోందని, ఒకడు పడట్లేదని వాదిస్తుంటే ఇద్దరి బైట్లూ వెయ్యడం కాదు మన పని, కిటికీ తీసి చూడటం. కిటికీ తీసి చూసిన లెక్క ఒకటుంది. గొడవల్ని లెక్కగట్టే ఏసీఎల్ఈడీ సంస్థ 2024 ఏప్రిల్ 18 నుంచి మే 3 దాకా అమెరికా క్యాంపస్‌లలో 553 ప్రదర్శనలు చూసి, 97 శాతం మనుషుల మీద గానీ ఆస్తుల మీద గానీ పెద్ద హింస లేకుండానే ముగిశాయని చెప్పింది. మన పేపర్ల భాషలో ఆ రెండు వారాలూ అమెరికా క్యాంపస్‌లు 'అట్టుడికాయి'. ఈ మాట నాకు చాలా ఇష్టమైన హెడ్డింగ్ మాట. రెండు కాలమ్‌లలో చక్కగా పడుతుంది. ఆ అట్టుడికిన రోజుల్లోనే బ్రౌన్ యూనివర్సిటీ విద్యార్థులు, పెట్టుబడుల మీద అక్టోబర్‌లో ఓటింగ్ పెడతామని యాజమాన్యం ఒప్పుకుంటే ఏప్రిల్ 30 సాయంత్రం టెంట్లు పీకి సర్దుకున్నారు. అదే రాత్రి హామిల్టన్ హాల్, అదే రాత్రి యూసీఎల్ఏ. ఏది చూశామో మీరే చెప్పండి. (అక్టోబర్‌లో ఆ ఓటింగ్‌లో విద్యార్థుల ప్రతిపాదన వీగిపోయింది. అది కూడా ఎక్కడో మూలన చదివాను.)

మన ఛానెళ్లకి ఈ వార్త అసలు తగిలింది 2025లో. అప్పుడూ పాలస్తీనా గురించి కాదు, "మనవాళ్లు సేఫేనా?" అని. తప్పనలేను. 2023-24లో అమెరికాలో 3,31,000 మందికి పైగా భారతీయ విద్యార్థులుంటే అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంతమందో ప్రతి అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌ని అడిగినా చెబుతాడు. మార్చిలో కొలంబియాలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక భారతీయ విద్యార్థిని వీసా రద్దు చేశారు. ఆమె సూట్‌కేసు పట్టుకుని కెనడా వెళ్లిపోయింది. విమానాశ్రయం కెమెరా వీడియోని అప్పటి అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి క్రిస్టీ నోయెమ్ సోషల్ మీడియాలో పెట్టి ఉగ్రవాద సానుభూతిపరురాలని అంది. మన దగ్గర ఆ ముక్క ఎలాగొచ్చిందో అలాగే హెడ్డింగులకెక్కింది, కొన్ని చోట్ల కొటేషన్ గుర్తులు కూడా లేకుండా. మంత్రి 'అంది' అన్న చిన్న క్రియ పోతే ఆరోపణ కాస్తా నిజమై కూర్చుంటుంది. హామిల్టన్ హాల్ రాత్రి గుంపులో చిక్కుకుంటే పోలీసులు పట్టుకున్నారని, ఆ కేసులు కొట్టేశారని ఆమె చెప్పిన సంగతి చదివినవాళ్లు ఎంతమంది?

అదే నెల టఫ్ట్స్ యూనివర్సిటీలో చదివే టర్కీ విద్యార్థినిని ముసుగులు వేసుకున్న మఫ్టీ అధికారులు వీధిలో పట్టుకెళ్లారు. ఆమె చేసింది ఏడాది క్రితం మరో ముగ్గురితో కలిసి కాలేజీ పేపర్‌కి ఒక వ్యాసం రాయడం. ఆరు వారాలు నిర్బంధంలో ఉంది. వదిలేయమన్న జడ్జి, ఆ వ్యాసం తప్ప ప్రభుత్వం ఇంకే సాక్ష్యమూ చూపించలేదన్నాడు. ఆ తర్వాత అమెరికాలో విద్యార్థి పత్రికలకి ఒకటే రకం మెయిళ్లు: నా వ్యాసం తీసెయ్యండి, బైలైన్‌లో నా పేరు తీసెయ్యండి, ఫొటోలో మొహం కనపడకుండా చెయ్యండి. వేసిన వార్త తియ్యకూడదన్నది పత్రికల్లో పాత నియమం. విద్యార్థి పత్రికలకి అండగా ఉండే సంఘాలే 2025 ఏప్రిల్‌లో ఆ నియమాన్ని మళ్లీ ఆలోచించుకోమన్నాయి.

2024లో నేను కర్తలు లేవని గింజుకున్నాను. 2025కి వచ్చేసరికి కర్తలే తమని తీసెయ్యమని బతిమాలుతున్నారు.

ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు ఇందులో ఇంకో పెద్ద పేరా ఉంది. మా బంధువుల్లో ఒకరు 2024లో అక్కడ చదువుతూ, తమ క్యాంపస్ శిబిరం గురించి నాకు వాయిస్ మెసేజ్‌లు పంపిన సంగతి. పైన హెలికాప్టర్, కింద పరీక్షలకి చదువుకుంటున్న పిల్లలు, ఎండకి క్రీమ్ పంచిపెడుతున్న ఒక ముసలి ప్రొఫెసర్. రాసిన పేరా పంపితే ఫోన్ వచ్చింది. ముందు ఊరి పేరు తీసెయ్యమన్నారు. తీసేశాను. తర్వాత కోర్సు. తర్వాత వరస: మేనకోడలో, కొడుకు వరసో, ఏదీ తెలియకూడదు. హెచ్1బీ లాటరీ టెన్షన్ ఒకటి, కొత్తగా సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌లో పెట్టమన్న వీసా నిబంధన ఒకటి. చివరికి పాత వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్లోంచి డిలీట్ చేశానో లేదో రెండుసార్లు అడిగారు.

చేశాను. పేరా కూడా కొట్టేశాను. ఉంచుకోవడానికి ఒప్పుకున్నది ఒక్క వాక్యం: 2024 ఏప్రిల్‌లో ఒక శిబిరానికి రెండు డబ్బాల పులిహోర వెళ్లింది.